క్యాన్సరు పరిశోధనయందు రోగి కోరికకు గల స్థానము

మన సంఘపత్రికయందు సామాన్యముగా విత్తనములను, ఎరువులను, అప్పుల వాయిదాలను, బెల్లపు ధరలను గూర్చి వ్రాయుచుందుము. ఈ నెల పాఠమునకు క్యాన్సరు వ్యాధిని, అందును దానినిగూర్చి జరుగు పరిశోధనను విషయముగా గైకొంటిమి. పూర్వులు రాచపుండని పిలిచిన యీ వ్యాధి పేరు వినని గ్రామము నేడు లేదు. ఒక యింట నిది ప్రవేశించెనేని పొలము కౌలుకు పోవుట, పశువులు సంతకు పోవుట, పంటకని తెచ్చిన యప్పు మందులకు ఖర్చగుట మనమెఱిగినదే. కావున నిది వైద్యులకు మాత్రమే సంబంధించిన విషయమని కర్షకులు తలంపరాదు. చికిత్సలు పరిశోధనలవలన బుట్టును. పరిశోధకుడు ఏ ప్రశ్న వేసికొనునో ఆ ప్రశ్నకే యుత్తరము దొరకును. ఆ ప్రశ్నను నిర్ణయించుటలో రోగికి పాలు గలదా, కలిగినచో నేమి లాభము, రోగి కోరికను ఎంతవఱకు బాటింపవచ్చును అను మూడు సంగతులను ఈ పాఠమున విచారింతము.

1. పొలములోని పోలిక

మన యెలమంచిలి వ్యవసాయ పరిశోధన స్థానమునుండి వరాహ, గౌతమ, శారద మున్నగు నువ్వు రకములు వెలువడినవి. అనకాపల్లి పరిశోధన స్థానము 1913వ సంవత్సరమునుండి చెఱకుపై పనిచేయుచున్నది. క్రొత్త రకమును పరీక్షించు విధానము మన రైతులు పలువురు చూచినదే. నేలను చిన్న చిన్న మడులుగా విభజించి, ఏ మడిలో ఏ రకము వేయవలెనో చీటీలు దీసి నిర్ణయింతురు. క్రొత్త రకమునకు మంచి మడిని, పాత రకమునకు చవుటి మడిని ఇచ్చి, క్రొత్తది గెలిచెననుట న్యాయము కాదు గదా. చీటీవలన ఆ పక్షపాతము తొలగును.

క్యాన్సరు చికిత్సల పరిశోధనయు నట్టిదే. ఇందుకు సమ్మతించిన రోగులను చీటీవంటి పద్ధతిచే రెండు వర్గములుగ విభజించి, ఒక వర్గమునకు పాత చికిత్సను, రెండవదానికి క్రొత్త చికిత్సను జేసి, ఫలితములను బోల్చి చూతురు.

అయితే ఇచట నొక చిక్కు గలదు. ఫలితమన నేది? చెఱకు నెకరమునకు నెన్ని టన్నులు పండెనో తూచుట సులభము. కాని బెల్లము వండు రైతు టన్నులను మాత్రమే చూడడు. బెల్లమునకు రంగు వచ్చునా, అచ్చు గట్టిగ నిలుచునా, అనకాపల్లి సంతలో ధర పలుకునా యని యడుగును. నువ్వుపంట వేయువాడు దిగుబడితోబాటు కాయ యెప్పుడు పగులునని యడుగును. కూలి దొరకని దినమున కాయ పగిలినచో గింజ నేలపాలగును. తూకము మాత్రమే చూచి మేలైనదని ప్రకటించిన రకమును రైతు పొలమున వేయకున్న, తప్పు రైతుది కాదు. రైతు నడుగక పరీక్షను ఏర్పఱచినవానిది. రోగి విషయమునను ఇట్లే యని గ్రహింపవలెను. వైద్యుడు ఆయువును గొలుచును. రోగి ఆయువుతోబాటు గొంతును, నడకను, నిద్రను, ఇంటిని, అప్పును గూడ లెక్కించుకొనును.

2. గొంతు నిలుపుకొనదలచినవారు

ఈ సంగతిని శాస్త్రరీతిగా మొదట జూపినవారిలో అమెరికాకు జెందిన బార్బరా మెక్నీల్ అను వైద్యురాలు ముఖ్యురాలు. ఆ దినములలో కంఠనాళమున ముదిరిన క్యాన్సరునకు శస్త్రచికిత్సయే మేలని వైద్యుల మతము. అందువలన నెక్కువమంది బ్రతుకుదురు. కాని స్వరపేటిక పోవును, సహజమైన మాట పోవును. కిరణచికిత్సచే మాట నిలుచును. కాని బ్రతుకువారి సంఖ్య తగ్గును. ఆమెయు, ఆమె తోడివారును 37 మంది ఆరోగ్యవంతులను, అగ్నిమాపక దళమువారిని, వ్యాపార సంస్థల అధికారులను, ఈ రెంటిలో మీరేది కోరుదురని క్రమపద్ధతిని బ్రశ్నించి, 1981లో ఫలితములను బ్రకటించిరి. సుమారు అయిదుగురిలో నొకరు, ఆయువు కొంత తగ్గినను మాట పోగొట్టుకొనమని చెప్పిరి.

ఆ సంఖ్య చిన్నదే. కాని అప్పటివఱకు వైద్యులు వేసికొనని ప్రశ్న నది ముందునకు దెచ్చినది: ఆయువు తగ్గకుండ గొంతును నిలుపు మార్గము లేదా? అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులయందు 332 మంది రోగులతో ఈ ప్రశ్న పరీక్షింపబడెను. ఒక వర్గమునకు స్వరపేటికను దీసివేసి కిరణచికిత్స జేసిరి. రెండవ వర్గమునకు మొదట మందులిచ్చి, గడ్డ తగ్గినవారికి కిరణచికిత్స మాత్రమే చేసిరి. 1991లో ఫలితములు వెలువడెను. రెండేండ్ల తరువాత రెండు వర్గములందును నూటికి 68 మంది జీవించియుండిరి. రెండవ వర్గమున నూటికి 64 మందికి స్వరపేటిక దక్కెను. రోగి మనస్సులోని కోరిక పరిశోధకుని ప్రశ్నయై, ఆ ప్రశ్న చికిత్సగా మాఱిన తీరిది.

3. స్తన క్యాన్సరు విషయము

స్త్రీల విషయమున నిదియే మఱింత స్పష్టముగ గన్పట్టును. అమెరికా శస్త్రవైద్యుడు హాల్‌స్టెడ్ పందొమ్మిదవ శతాబ్దపు చివర బ్రవేశపెట్టిన పద్ధతిలో స్తనమునేగాక దాని క్రింది కండరములను, చంకలోని గ్రంథులను గూడ దీసివేసెడివారు. డెబ్బది యెనుబది యేండ్లు ఆ పద్ధతియే రాజ్యమేలినది. పెక్కుచోట్ల రోగిని మత్తులో నుంచి, గడ్డ ముక్కను పరీక్షించి, క్యాన్సరని తేలిన వెంటనే, ఆమె మేల్కొనకమునుపే స్తనమును దీసివేయు నాచారముండెను. మేల్కొనిన పిదపగాని తనకేమి జరిగినదో యామె యెఱుగదు.

రోజ్ కుష్నర్ అను అమెరికా రచయిత్రికి 1974లో ఈ వ్యాధి సోకినది. పరీక్ష వేఱు, శస్త్రచికిత్స వేఱు. నడుమ నాకు ఆలోచించుకొను వ్యవధి కావలెనని యామె పట్టుపట్టి, తరువాత తన జీవితమును ఈ పనికే వినియోగించెను. 1979లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు గూర్చిన నిపుణుల సభలో నామెయు నొక సభ్యురాలు. పరీక్షను, శస్త్రచికిత్సను వేఱుచేయవలెనని ఆ సభ తీర్మానించెను.

ఇట్లు స్త్రీలు అడుగుచుండగా, స్తనమును నిలిపి గడ్డను మాత్రమే తీసిన జాలదా యను ప్రశ్నను ఇద్దరు శస్త్రవైద్యులు పరీక్షకు బెట్టిరి. ఇటలీలో వెరోనెసి 701 మంది స్త్రీలతోడను, అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ 1,851 మంది స్త్రీలతోడను నడపిన పరిశోధనల యిరువదేండ్ల ఫలితములు 2002లో బ్రకటితమయ్యెను. తొలిదశలో కనుగొన్న వ్యాధియందు, గడ్డను మాత్రమే తీసి కిరణచికిత్స చేసినవారును, స్తనమంతయు తీసివేయబడినవారును సమానముగనే జీవించిరి. కాని గడ్డ మాత్రమే తీసి కిరణచికిత్స చేయనివారిలో అదే స్తనమున వ్యాధి తిరుగబెట్టుట మిక్కిలి యెక్కువ. కావున స్తనము నిలుపుకొనగోరువారు కిరణచికిత్సను విడువరాదని కూడ నీ పరిశోధనయే తెలిపినది.

4. ఒక్క మాటవలన గలిగిన మార్పు

బ్రిటనులో 1999 మొదలు 2009 వఱకు, పురుషుల మూత్రాశయము క్రిందనుండు ప్రోస్టేటు గ్రంథికి వచ్చు క్యాన్సరును గూర్చి యొక పరిశోధనకు రోగులను జేర్చుకొనిరి. తొలిదశలోనున్న వ్యాధికి శస్త్రచికిత్స, కిరణచికిత్స, లేక వెంటనే చికిత్స చేయక పరీక్షలతో గనిపెట్టుచుండుట, ఈ మూటిలో నేది మేలను ప్రశ్న. మొదట రోగులు చీటీకి సమ్మతింపరైరి. కారణమేమని పరిశోధకులు వైద్యులకును రోగులకును జరిగిన సంభాషణలను విని చూచిరి. మూడవ మార్గమునకు వైద్యులు పెట్టిన ‘వేచి చూచుట’ యను పేరును విని రోగులు, ‘నేను చచ్చుచుండగా చూచుచుందురన్నమాట’ యని యర్థము చేసికొనుచుండిరి! పేరును ‘క్రమముగ గనిపెట్టుచుండుట’ యని మార్చి, ఏయే కాలమున ఏయే పరీక్ష చేయుదురో, వ్యాధి పెరిగినచో నేమి చేయుదురో వివరించిన పిదప, చీటీకి సమ్మతించువారు నూటికి 70 వఱకు పెరిగిరి. మొత్తము 1,643 మంది చేరిరి. పదునైదేండ్ల ఫలితములు 2023లో వెలువడగా, మూడు వర్గములందును ఆ వ్యాధిచే మరణించినవారు నూటికి సుమారు ముగ్గురే. శస్త్రచికిత్సవలన మూత్రము నిలువకపోవుట, కిరణచికిత్సవలన ప్రేగుల బాధ మున్నగునవి మాత్రము భేదించినవి. కావున అట్టి రోగి తన కోరికను బట్టి మార్గము నెన్నుకొనుట కిప్పుడు శాస్త్రాధారము గలదు.

రోగి కాదన్నప్పుడు మూర్ఖుడని త్రోసివేయక, ఏల కాదనుచున్నాడని విన్నచో పరిశోధనయే బాగుపడునని దీనివలన దెలియుచున్నది.

5. మన దేశమున దూరము, ఖర్చు

పై యుదాహరణములు సంపన్న దేశములవి. మన రోగి కోరికలు వేఱుగ నుండును. ఎలమంచిలి ప్రాంతమునుండి చికిత్సకు పోవువాడు మొదట నడుగునది, ఎన్నాళ్లు, ఎన్నిమారులు, ఎంత ఖర్చు అని. నాట్ల దినములలో వారము వారము ఊరు విడిచి పోవుటన్న, రోగితోబాటు తోడు పోవువాని కూలియు పోవును. పూర్వము ముంబాయి, వేలూరు, చెన్నపట్టణములకు బోవలసినవారికి, అనకాపల్లి దాటి విశాఖపట్టణమునకు బోవు రాజమార్గమున అగనంపూడియొద్ద టాటా స్మారక కేంద్రమువారు హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రిని స్థాపించుటచే దూరము తగ్గినది. దూరము తగ్గించుట యొక యుపాయము. చికిత్సనే చిన్నది చేయుట మఱియొకటి.

బ్రిటనులో 4,096 మందితో జరిగిన పరిశోధన ఫలితము 2020లో వెలువడెను. స్తనశస్త్రచికిత్స పిదప మూడు వారములలో 15 మారులు చేయు కిరణచికిత్సకు బదులు, ఒక వారములో 5 మారులు చేసినను అయిదేండ్లవఱకు వ్యాధి తిరుగబెట్టుటలో హెచ్చు లేదని తేలినది. ఊరు విడిచి పోవు రైతు కుటుంబమునకు మూడు వారములకును ఒక వారమునకును గల భేదము వేఱుగ జెప్పనక్కఱలేదు.

మన దేశముననే టాటా స్మారక కేంద్ర వైద్యులు, నోటి క్యాన్సరు మున్నగునవి ముదిరి నయము చేయ వీలులేని 422 మందితో నొక పరీక్ష నడపిరి. ఒక వర్గమునకు మూడు వారముల కొకమారు ఆసుపత్రిలో నరమునకు సిస్‌ప్లాటిను ఎక్కించిరి. రెండవ వర్గమునకు ఇంటియొద్దనే మ్రింగదగిన, చౌకయైన మెథోట్రెక్సేటు, సెలికాక్సిబు మాత్రల నిచ్చిరి. 2020లో ప్రకటించిన ఫలితము ననుసరించి, సూదిమందు వర్గమున మధ్యస్థ జీవితకాలము 6.1 నెలలు, మాత్రల వర్గమున 7.5 నెలలు. తీవ్రమైన దుష్ఫలితములును మాత్రలవారికే తక్కువ. మఱియొక పరీక్షలో, మిక్కిలి ఖరీదగు నివోలుమాబు అను మందును సాధారణముగ నొకమారునకు వాడు 240 మిల్లీగ్రాములకు బదులు 20 మిల్లీగ్రాములు మాత్రమే, ఇతర మాత్రలతో గూర్చి యిచ్చిరి. 151 మందితో జరిగిన ఈ పరీక్షలో ఒక యేడు జీవించినవారు నూటికి 16 నుండి 43కు పెరిగిరి. పూర్తి మోతాదు కొనలేని రోగులే ఎక్కువగ నున్న దేశమున గాని యీ ప్రశ్న పుట్టదు. మందులను దయారుచేయువారు తక్కువ మందు చాలునా యని తమంతట నడుగరు. రోగి పేదఱికమును గన్నులార చూచు వైద్యుడే యడుగవలెను.

6. మన తీరమున అడ్డపొగ

విశాఖపట్టణ, శ్రీకాకుళ తీరగ్రామములలో చుట్టను వెలిగించి, నిప్పుగల కొనను నోటిలో నుంచుకొని పీల్చు ‘అడ్డపొగ’ అలవాటు ముఖ్యముగ స్త్రీలలో గలదు. దీనివలన అంగిటి క్యాన్సరు గలుగుచున్నదని విశాఖపట్టణ వైద్యులు 1937లోనే వైద్యపత్రికయందు వ్రాసిరి. ఇతర దేశములందు అరుదైన వ్యాధి మన యిండ్లలో నున్నది; మనము గాక దానిని గూర్చి యెవరు పరిశోధింపుమని యడుగుదురు?

1966 మొదలు టాటా మౌలిక పరిశోధన సంస్థకు జెందిన దంతవైద్య పరిశోధకులు శ్రీకాకుళముతోగూడ అయిదు జిల్లాలలో ఇంటింటికి బోయి, 50 వేలకు మించిన గ్రామీణుల నోళ్లను బరీక్షించిరి. తరువాత ఎర్ణాకులము, భావనగరము, శ్రీకాకుళము జిల్లాలలో సుమారు 36,000 మంది పొగాకు వాడువారికి ఇంటియొద్దనే, వారి వాడుకకు దగినట్లు, హితబోధ చేయుచు వచ్చిరి. ఈ ఫలితములు 1986లో ప్రకటింపబడెను. అంతకు పూర్వము ఊరక గమనింపబడినవారితో బోల్చగా, బోధ పొందినవారిలో పొగాకు మానినవారెక్కువ. శ్రీకాకుళ స్త్రీల అంగిటిపై వ్యాధికి ముందు వచ్చు మార్పులు తక్కువ. ఆసుపత్రికి రాని స్త్రీయొద్దకు పరిశోధనయే నడచి వచ్చుట ఇందలి విశేషము.

7. అడుగక చేసినందువలని నష్టము

2009లో నేటి తెలంగాణమునకు జెందిన ఖమ్మం జిల్లాలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించు టీకాను 10 నుండి 14 ఏండ్ల బాలికలకు వేయు కార్యక్రమము పరిశోధనారూపమున జరిగెను. కొందఱు బాలికలు మరణించిరను వార్తపై 2010 ఏప్రిలులో దానిని నిలిపివేసిరి. ఆ మరణములకు టీకాతో సంబంధము గన్పట్టదని విచారణ సంఘము తెలిపినది. ఆ టీకా మంచిదే. పెక్కు దేశములలో వాడుకలో నున్నది. కాని తలిదండ్రుల సమ్మతికి బదులు వసతిగృహపు వార్డెనులు, ప్రధానోపాధ్యాయులు పత్రములపై సంతకములు చేసిరను విషయము బయటపడెను. పార్లమెంటు సంఘము 2013లో తన నివేదికయందు దీనిని తీవ్రముగ ఖండించెను. బాలికలలో పలువురు గిరిజనులు, వసతిగృహములలో నుండువారు. మంచి మందైనను అడుగక వేసినచో నమ్మకము చెడును. చెడిన నమ్మకమును దిరిగి సంపాదించుట యెంత కష్టమో అప్పుల వ్యవహారములలో మనమెఱుగుదుము.

8. కోరికకు హద్దు

ఇంతవఱకు జెప్పినదానిని బట్టి, రోగి కోరినదే చికిత్స యని యెవరును భ్రమపడరాదు. నోటి క్యాన్సరు తొలిదశలో, మెడలోని గ్రంథులకు వ్యాధి ప్రాకినట్లు కన్పట్టనపుడు, మెడను గోయించుకొన నెవరు కోరుదురు? కన్పట్టినపుడు చూతమనుట సహజము. టాటా స్మారక ఆసుపత్రివారు ఈ కోరికను గూడ పరీక్షించిరి. 500 మంది రోగుల ఫలితములు 2015లో వెలువడెను. మొదటనే గ్రంథులను దీసివేసిన వర్గమున మూడేండ్ల తరువాత నూటికి 80 మంది జీవించియుండగా, వేచియున్న వర్గమున నూటికి 67 లేక 68 మంది మాత్రమే జీవించియుండిరి. ఇచట కోరికకు చెల్లింపవలసిన మూల్యము ప్రాణము. గొంతు విషయమున కోరిక గెలిచినది. మెడ విషయమున నోడినది. రెంటను పరీక్షయే తీర్పరి. కోరిక ప్రశ్నను దెచ్చును; ఉత్తరమును పరీక్ష చెప్పును. పరీక్షింపని మందును, పసరును కోరి, నయమగు దశలోనున్న వ్యాధిని ముదురబెట్టుకొనుట కోరిక కాదు, నష్టము.

9. సంఘసభ్యులు చేయదగినవి

మన దేశమున 2019లో వెలువడిన క్రొత్త మందుల, చికిత్సా పరీక్షల నిబంధనలనుబట్టి, పరిశోధనలో జేరు రోగికి అర్థమగు భాషలో సంగతులన్నియు జెప్పి వ్రాతపూర్వకమైన సమ్మతి దీసికొనవలెను. పరీక్షవలన హాని గలిగిన వైద్యమును, నియమానుసారము నష్టపరిహారమును ఇయ్యవలెను. రోగి యెప్పుడైనను విరమించుకొనవచ్చును. అందుచే అతని సాధారణ చికిత్సకు లోపము రారాదు. ఎవరినైన పరిశోధనలో జేరుమని యడిగినచో, ఈ క్రింది ప్రశ్నలను కాగితముపై వ్రాసికొని పోవుట మంచిది.

ఈ పరీక్షవలన తేల్చదలచిన ప్రశ్న యేది? చేరకున్న నాకు జరుగు చికిత్స యేది? ఎన్నిమారులు రావలెను, రాకపోకల ఖర్చు ఎవరిది? మాట, మ్రింగుడు, నడక, పని చేయు శక్తి వీనిపై దీని ప్రభావమేమి? ఈ సంగతులను గూడ మీరు లెక్కింతురా, లేక ఆయువును మాత్రమేనా? ఫలితము తేలిన పిదప నాకు తెలియజేయుదురా?

అయిదవ ప్రశ్న ముఖ్యమైనది. దానిని నూఱుమంది యడిగిన పరిశోధకుడు తన పట్టికలో నొక గడిని జేర్చును. చదువురాని రోగికి తోడుగ సంఘమునుండి యొక సభ్యుడు పోయి యీ ప్రశ్నల నడుగుట పెద్ద యుపకారము. సహకార సంఘమున వాటాధనమెంత యున్నను మనిషి కొక వోటే. పరిశోధనయందును, పొలమున్నవాని కోరికకును, కూలివాని కోరికకును, అడ్డపొగ పీల్చు ముసలమ్మ కోరికకును సమానమైన విలువ యుండవలెనని కోరుట మన ధర్మమునకు దగినదే.

చర్చకు ప్రశ్నలు

1. చికిత్సల పరీక్షలో చీటీ దీయుట యెందుకు? పొలపు మడుల పోలికతో వివరింపుడు.

2. ‘వేచి చూచుట’ యను మాటను రోగులేల తప్పుగ గ్రహించిరి? మన గ్రామమున వైద్యుల మాటలలో నట్లు పెడర్థమునకు దావిచ్చునవి యేవి?

3. మీ యింటిలో నొకరికి ఈ వ్యాధి వచ్చినచో, ఆయువు గాక మఱి యే సంగతులను పరిశోధకులు లెక్కింపవలెనని మీరు కోరుదురు? స్త్రీలయొక్కయు, పురుషులయొక్కయు నుత్తరములను వేర్వేరుగ వ్రాసి పోల్చి చూడుడు.

4. గొంతు విషయమునను, మెడ విషయమునను రోగి కోరికకు వేర్వేరు ఫలితములు గలుగుటకు కారణమేమి?